రెండు యంత్రాల మీద 8 బిట్ల కూడిక: ఈబిట్ల ఖర్చు ఎలా తగ్గించాలి?

చిన్నక్యూబిట్ (#1)

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టులో భాగంగా ఒక డిస్ట్రిబ్యూటెడ్ (వేర్వేరు యంత్రాలకి పంచిన) క్వాంటమ్ సర్క్యూట్‌ని సిమ్యులేట్ చేస్తున్నాను. రెండు నోడ్లు (యంత్రాలు), ఒక్కోదానిలో 10 క్యూబిట్లు (0, 1 కలిసి ఉండగల క్వాంటమ్ బిట్లు). పని చిన్నదే: ఎ, బి అనే రెండు 8 బిట్ల సంఖ్యల్ని కూడాలి. ఫలితం బి ఉన్న చోటే రావాలి, 255 దాటితే ఆ క్యారీ అక్కర్లేదు.

డ్రేపర్ 2000లో ఇచ్చిన పద్ధతి తీసుకున్నాను. ఎ మొత్తం మొదటి నోడ్‌లో, బి మొత్తం రెండో నోడ్‌లో. ముందు బి మీద క్యూఎఫ్‌టీ (క్వాంటమ్ ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్), తర్వాత ఎ బిట్లు కంట్రోల్‌గా బి మీద ఫేజ్ గేట్లు (ఎ బిట్ 1 అయితేనే బి క్యూబిట్ ఫేజ్‌ని ఒక కోణం తిప్పేవి), ఆఖర్న విలోమ క్యూఎఫ్‌టీ. క్యూఎఫ్‌టీలు రెండూ రెండో నోడ్ లోపలే అయిపోతాయి. నోడ్ల మధ్య జరగాల్సినవి ఆ ఫేజ్ గేట్లే, మొత్తం 36. గేట్‌కి ఒక ఈపీఆర్ జంట (ఈబిట్ అన్నా ఇదే: ఒకదానితో ఒకటి ఎంటాంగిల్ అయి, చెరో నోడ్‌లో ఉండే రెండు క్యూబిట్లు) చొప్పున 36 ఈబిట్లు పోతున్నాయి.

లింక్ ఫిడెలిటీ (వచ్చిన జంట ఆదర్శ జంటకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె) 0.95 అనుకుంటే 0.95ని 36 సార్లు గుణించాలి, దాదాపు 0.16 వస్తుంది. లోపలి గేట్ల తప్పులు కలపకముందే ఇదీ పరిస్థితి. లింక్‌ని మెరుగుపరచడమే దారా, లేక సర్క్యూట్‌లో ఏమైనా చేయొచ్చా? పేపర్లు చదువుతున్నాను గానీ ఏది ముందు పట్టుకోవాలో తేలడం లేదు.

గ్రాఫ్‌వాలా (#2)

లింక్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. దాటే గేట్లు ఎన్ని అని లెక్కపెడుతున్నారు, లెక్కపెట్టాల్సింది ఈబిట్లని. ఈ రెండూ ఒకటి కావు.

మీ సర్క్యూట్‌లో ఎ లోని మొదటి బిట్ ఒక్కటే బి లోని ఎనిమిది క్యూబిట్ల మీదా కంట్రోల్‌గా పనిచేస్తుంది. ఈ ఎనిమిదింటి మధ్యలో ఆ ఎ బిట్ మీద ఇంకే గేటూ లేదు. అలాంటప్పుడు ఒక్క ఈబిట్‌తో ఎనిమిదీ నడిపించొచ్చు. ఎలాగంటే:

ఈబిట్‌లో ఒక సగం మొదటి నోడ్‌లో, రెండో సగం రెండో నోడ్‌లో ఉంటుంది. ఎ బిట్ కంట్రోల్‌గా మొదటి సగం మీద సీనాట్ (కంట్రోల్ 1 అయితేనే టార్గెట్‌ని తిరగేసే గేట్) వేయండి, ఆ సగాన్ని కొలవండి, వచ్చిన బిట్‌ని రెండో నోడ్‌కి పంపండి. అది 1 అయితే అక్కడి సగం మీద ఎక్స్ గేట్ (0ని 1గా, 1ని 0గా మార్చేది). ఇప్పుడు రెండో నోడ్‌లోని సగం మీ ఎ బిట్‌తో జతకూడి ఉంది: ఇక్కడ 0 ఉన్న శాఖలో అక్కడా 0, ఇక్కడ 1 ఉన్న శాఖలో అక్కడా 1. దాన్నే కంట్రోల్‌గా పెట్టుకుని ఎనిమిది ఫేజ్ గేట్లూ రెండో నోడ్ లోపలే వేసేయండి. అయ్యాక దాని మీద హాడమార్డ్ (0, 1లని సమానంగా కలిపే గేట్) వేసి కొలిచి, ఆ బిట్‌ని వెనక్కి పంపండి. 1 వస్తే ఎ బిట్ మీద జెడ్ గేట్ (1 ఉన్న శాఖ గుర్తుని మార్చేది). అంతే. ఖర్చు ఒక ఈబిట్, అటో బిట్ ఇటో బిట్ క్లాసికల్ సందేశం.

ఒక సీనాట్‌ని దూరం నుంచి ఇలా ఒక ఈబిట్, రెండు బిట్లతో చేయొచ్చని ఐజర్ట్, జేకబ్స్, పాపడోపౌలోస్, ప్లెనియో 2000లో చూపించారు. దాన్ని తెరిచే భాగం, మూసే భాగంగా విడదీసి మధ్యలో ఎన్ని గేట్లైనా పెట్టుకునే రూపాన్ని యిమ్సిరివట్టన, లొమొనాకో 2004లో ఇచ్చారు. క్యాట్-ఎంటాంగ్లర్ అని వెతికితే దొరుకుతుంది.

మీకు ఎ బిట్లు ఎనిమిది కాబట్టి 8 ఈబిట్లు. 36 అక్కడే 8 అయింది.

సున్నాఒకటి (#3)

రెండు సందేహాలండి. ఎ బిట్‌కి అక్కడ ఇంకో కాపీ వచ్చినట్టే ఉంది, నో-క్లోనింగ్‌కి (తెలియని క్వాంటమ్ స్థితిని కాపీ చేయలేమన్న నియమానికి) విరుద్ధం కాదా? ఇంకోటి, ఇంత తతంగం ఎందుకు, క్యూబిట్‌ని ఫోటాన్‌లోకి ఎక్కించి నేరుగా ఫైబర్‌లో పంపేయొచ్చుగా?

కాంతిరేఖ (#4)

మొదటిది: కాపీ కాదండి. క్యూబిట్‌లో 0, 1 కలిసి ఉన్న స్థితి ఉంటే క్లోనింగ్ వల్ల అలాంటివి రెండు వేర్వేరుగా రావాలి. ఇక్కడ వచ్చేది "రెండూ 0" అనే శాఖ, "రెండూ 1" అనే శాఖ కలిసిన ఒకే ఉమ్మడి స్థితి. ఒకదాన్ని కొలిస్తే రెండోదీ తేలిపోతుంది. కంట్రోల్‌గా వాడుకోవడానికి మాత్రం ఇది చాలు.

రెండోది అసలైన ప్రశ్న. ఫోటాన్ పోతుంది. ఫైబర్ పొడవు రెండు మీటర్లే అయినా క్యూబిట్‌గా వాడే అయాన్ నుంచి వెలువడ్డ ఫోటాన్‌ని కటకంతో పట్టి ఫైబర్‌లోకి ఎక్కించేసరికే చాలావరకు చేజారిపోతాయి. మామూలు ఆప్టిక్స్‌తో చేసే బెల్ కొలతకైతే (రెండు ఫోటాన్లని కలిపి కొలిచేది) గరిష్ఠంగా సగం సార్లే జవాబు తేలుతుంది. మీ లెక్కలోని డేటాని ఫోటాన్‌లో పెట్టి పంపారనుకోండి, అది పోతే డేటా పోయినట్టే, మొత్తం మళ్లీ మొదలు. ఈబిట్‌లో డేటా ఏమీ ఉండదు. తయారీ విఫలమైతే ఇంకోసారి ప్రయత్నిస్తాం, డిటెక్టర్ "అయింది" అన్నాకే డేటాని ముట్టుకుంటాం. పైగా ఏ డేటా వస్తుందో తెలియకముందే ఈబిట్‌ని సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. 1993 నాటి టెలిపోర్టేషన్ (ఈబిట్‌నీ క్లాసికల్ బిట్లనీ వాడి క్యూబిట్ స్థితిని అవతలికి చేర్చే పద్ధతి) ఇప్పటికీ ఈ రంగానికి వెన్నెముకగా ఉందంటే ఇదే కారణం: ప్రమాదమంతా డేటా లేని చోటికి జరిగిపోతుంది.

అయానుపట్టు (#5)

లింక్ సంగతి వచ్చింది కాబట్టి అసలు ప్రయోగాలు ఎక్కడున్నాయో చెప్తాను, అప్పుడు గ్రాఫ్‌వాలా గారు "లింక్ జోలికి వెళ్లొద్దు" అని ఎందుకన్నారో తెలుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ బృందం 2020లో రెండు అయాన్ ట్రాప్‌ల (అయాన్లని పట్టి ఉంచే పరికరాల) మధ్య సెకనుకి 182 ఎంటాంగిల్డ్ జంటలు, 94 శాతం ఫిడెలిటీతో సాధించింది. 2025 ఫిబ్రవరిలో నేచర్‌లో వచ్చిన వాళ్ల పనిలో సుమారు 2 మీటర్ల దూరంలోని రెండు మాడ్యూళ్ల మధ్య సీజెడ్ గేట్‌ని (కంట్రోల్ ఉన్న జెడ్‌ని) టెలిపోర్ట్ చేశారు, ఫిడెలిటీ 86 శాతం. ఫోటాన్లతో మాట్లాడటానికి స్ట్రాన్షియం అయాన్, లెక్క దాచుకోవడానికి కాల్షియం అయాన్. దాని మీదే రెండు క్యూబిట్ల గ్రోవర్ వెతుకులాట అల్గారిథమ్ నడిపితే 71 శాతం సార్లు సరైన జవాబు వచ్చింది.

సెకనుకి 182 అంటే జంటకి సగటున 5.5 మిల్లీసెకన్లు. ట్రాప్ లోపలి రెండు క్యూబిట్ల గేట్ పదుల నుంచి వందల మైక్రోసెకన్లలో అయిపోతుంది. 36 జంటలకి 0.2 సెకన్లు, 8 జంటలకి 44 మిల్లీసెకన్లు. వేచి ఉన్నంతసేపూ మిగతా క్యూబిట్లు చెడుతూనే ఉంటాయి.

ఇక లింక్‌ని మెరుగుపరచడం. డిస్టిలేషన్ (మామూలు జంటలు కొన్ని ఖర్చుపెట్టి మెరుగైన జంటని తీయడం) చేస్తే ఏమవుతుందో మీ అంకెలతోనే చూద్దాం. 1996 నాటి బెనెట్ బృందం సూత్రం ప్రకారం 0.95 ఫిడెలిటీ ఉన్న వెర్నర్ జంటలు (తప్పు అన్ని రకాల్లోనూ సమానంగా ఉన్నవి) రెంటిని కలిపితే 0.936 సంభావ్యతతో 0.965 జంట ఒకటి వస్తుంది. అంటే ఒక మంచి జంటకి సగటున 2.14 మామూలు జంటలు ఖర్చు. మీ 36 గేట్లకి 77 జంటలు తగలేస్తే 0.16 కాస్తా 0.28 అవుతుంది. అదే డిస్టిలేషన్ ఊసే లేకుండా 8 జంటలు వాడితే 0.66. దేని వెనక పడాలో అంకెలే చెప్తున్నాయి. (లోపలి గేట్లు తప్పు చేయవు, జంట ఫిడెలిటీయే గేట్ ఫిడెలిటీ అని అనుకుని వేసిన ఉజ్జాయింపు ఇది.)

చిన్నక్యూబిట్ (#6)

చాలా థ్యాంక్స్ అండి, క్యాట్-ఎంటాంగ్లర్ పెట్టాను, 8 ఈబిట్లతో సరైన కూడికే వస్తోంది. ఇంకా తగ్గించడానికి చిన్న కోణాల గేట్లు వదిలేస్తే ఎలా ఉంటుంది? 256వ వంతు తిప్పే గేట్ ఉన్నా లేకున్నా ఒకటే కదా అనిపిస్తోంది.

గ్రాఫ్‌వాలా (#7)

మీ సర్క్యూట్‌లో అది పనికిరాదు, ఎందుకో చూస్తే బాగుంటుంది.

ఎ బిట్లని ఒక వైపు ఎనిమిది చుక్కలుగా, బి క్యూబిట్లని ఇంకో వైపు ఎనిమిది చుక్కలుగా గీయండి. దాటే ప్రతి ఫేజ్ గేట్‌కీ ఒక గీత, 36 గీతలు. ఫేజ్ గేట్లన్నీ డయాగనల్ (0, 1లని కదపకుండా ఫేజ్‌నే మార్చేవి) కాబట్టి వరుస ఎలా మార్చినా తేడా రాదు, ఏ వైపు క్యూబిట్‌నైనా అవతలికి చాపొచ్చు (#2లోలా ఒక ఈబిట్‌తో అక్కడ కంట్రోల్‌గా వాడుకోవచ్చు). ప్రతి గీతకీ కనీసం ఒక కొసనున్న క్యూబిట్‌ని చాపి ఉండాలి. ఇది అచ్చంగా వర్టెక్స్ కవర్ లెక్క. బైపార్టైట్ (గీతలన్నీ ఒక వైపు నుంచి ఇంకో వైపుకే ఉన్న) గ్రాఫ్‌లో కనీస కవర్, గరిష్ఠ మ్యాచింగ్ (ఏ చుక్కనీ పంచుకోని గీతల గుంపు) సమానమని కోనిగ్ సిద్ధాంతం చెప్తుంది. మీ గ్రాఫ్‌లో ఎ లో ఒకటో బిట్ బి లో ఒకటోదానితో, రెండోది రెండోదానితో, అలా ఎనిమిది జతలు ఉన్నాయి. కాబట్టి ఈ పద్ధతిలో 8 కంటే కిందికి దిగదు.

ఆ ఎనిమిది జతలూ ఏ గేట్లో గమనించండి: పూర్తి 180 డిగ్రీలు తిప్పేవి. చిన్న కోణాల గేట్లు అన్నీ తీసేసినా ఇవి మిగులుతాయి, 8 అలాగే ఉంటుంది. చిన్న గేట్లు ఎలాగూ పెద్ద గేట్ తీసిన టికెట్ మీదే ప్రయాణిస్తున్నాయి, వాటిని దింపేస్తే మీకు మిగిలేదేమీ లేదు, కచ్చితత్వం తగ్గడం తప్ప.

తరంగిణి (#8)

చిన్న కోణాలు వదిలేయడం ఫలించే చోటు వేరే ఉంది. 16 క్యూబిట్ల క్యూఎఫ్‌టీనే రెండు నోడ్లకి ఎనిమిదేసి పంచారనుకుందాం. దాటే గేట్లు 8×8, అంటే 64. పైన చెప్పిన పద్ధతిలో 8 ఈబిట్లు. ఇక్కడ పెద్ద కోణాలు సరిహద్దు దగ్గరి పొరుగు క్యూబిట్ల మధ్యే ఉంటాయి. ఐదు స్థానాల దూరం దాటిన గేట్లు వదిలేస్తే సరిహద్దుకి దగ్గరున్న ఐదు క్యూబిట్లే అవతలికి చాపాల్సినవి, 5 ఈబిట్లు. క్యూఎఫ్‌టీ చివర బిట్ల వరుస తిప్పడానికి స్వాప్‌లు (రెండు క్యూబిట్ల స్థితుల్ని తారుమారు చేసేవి) వేస్తుంటారు, అవి మాత్రం నిజంగా వేయకండి. నోడ్లు దాటే స్వాప్ ఒక్కోదానికి 2 ఈబిట్లు, ఎనిమిదింటికి 16 అవుతుంది. క్యూబిట్ల పేర్లు మార్చుకుంటే ఖర్చు సున్నా.

అంతకంటే ముఖ్యమైన విషయం. క్యూఎఫ్‌టీ అవగానే కొలిచేస్తుంటే (షోర్ అల్గారిథమ్‌లో, ఫేజ్ ఎస్టిమేషన్‌లో అదే జరుగుతుంది) దానికి ఈబిట్లే అక్కర్లేదు. గ్రిఫిత్స్, న్యూ 1996లో చూపించింది ఇదే: ఒక్కో క్యూబిట్‌ని కొలిచి, వచ్చిన 0 లేదా 1ని బట్టి మిగతా క్యూబిట్ల మీద ఒంటి క్యూబిట్ గేట్ వేస్తే చాలు. దాటాల్సింది మామూలు బిట్లే. 64 గేట్లు, 0 ఈబిట్లు.

చిన్నక్యూబిట్ గారి క్యూఎఫ్‌టీ మధ్యలో ఉంది, దాని తర్వాత కొలత లేదు, కాబట్టి వారికి ఇది వర్తించదు. కానీ ఎవరైనా పెద్ద అల్గారిథమ్‌ని పంచుతుంటే మొదట ఇలాంటి చోట్లు వెతకండి.

సున్నాఒకటి (#9)

ఇవన్నీ చేత్తో చేయాలా? కంపైలర్లు చూసుకోవా?

గ్రాఫ్‌వాలా (#10)

చూసుకుంటాయి, కొంతవరకు. ఏ క్యూబిట్ ఏ నోడ్‌లో ఉండాలి, ఏ గేట్లు ఒకే ఈబిట్‌ని పంచుకోవాలి అన్నదాన్ని ఆండ్రెస్-మార్టినెజ్, హ్యూనెన్ 2019లో హైపర్‌గ్రాఫ్ (ఒకే గీత రెండుకి మించిన చుక్కల్ని కలపగల గ్రాఫ్) విభజనగా మార్చారు. ఒకే కంట్రోల్‌తో నడిచే గేట్ల గుంపు ఒక హైపర్‌ఎడ్జ్ అవుతుంది, కోత ఎన్ని హైపర్‌ఎడ్జ్‌లని తెంపితే అన్ని ఈబిట్లు. ఈ విభజన ఎన్‌పీ-హార్డ్ (పెద్ద సైజుల్లో కచ్చితంగా తేల్చడం చాలా కష్టం) అయినా కాహైపార్ లాంటి హ్యూరిస్టిక్ (ఉజ్జాయింపు) సాధనాలు బాగా చేస్తాయి. పైటికెట్-డీక్యూసీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, దానితో మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త. సర్క్యూట్‌ని చిన్న గేట్లుగా విడగొట్టాక పంచితే నష్టపోతారు. టొఫోలీనే (రెండు కంట్రోల్స్ ఉన్న సీనాట్‌ని) తీసుకోండి: రెండు కంట్రోల్స్ ఒక నోడ్‌లో, టార్గెట్ ఇంకో నోడ్‌లో. ముందే ఆరు సీనాట్లుగా విడగొడితే వాటిలో నాలుగు నోడ్లు దాటుతాయి, ఒక్కోదానికీ ఈబిట్ ఇస్తే 4. విడగొట్టకుండా అలాగే ఉంచి, టార్గెట్‌కి రెండు పక్కలా హాడమార్డ్ వేస్తే అది రెండు కంట్రోల్స్ ఉన్న జెడ్ గేట్. అందులో మూడు క్యూబిట్లూ సమానమే. రెండో నోడ్‌లోని క్యూబిట్‌ని ఇవతలికి చాపితే 1 ఈబిట్‌తో అయిపోతుంది. మీ టూల్‌చైన్‌లో పంపకం దశ విడగొట్టే దశ కంటే ముందు ఉండేలా చూసుకోండి.

పాతసర్క్యూట్ (#11)

ఏ సాధనమూ చేయని పని ఒకటుంది: అల్గారిథమ్ మార్చడం. చిన్నక్యూబిట్ గారూ, ఎ అంతా ఒక చోట, బి అంతా ఒక చోట ఎందుకు పెట్టారు? కూడికలో సమాచారం ఎటు పారుతుందో చూడండి. చేత్తో కూడేటప్పుడు కింది స్థానాల నుంచి పై స్థానాలకి వెళ్లేది ఒక్క క్యారీ మాత్రమే.

కాబట్టి ఎ, బి రెంటిలోనూ కింది నాలుగేసి బిట్లు మొదటి నోడ్‌లో, పై నాలుగేసి రెండో నోడ్‌లో పెట్టండి. డ్రేపర్ కూడిక బదులు కుకారో, డ్రేపర్, కుటిన్, మౌల్టన్ 2004లో ఇచ్చిన రిపుల్ క్యారీ కూడిక తీసుకోండి. అది మాజ్ అనే గేట్ల గుంపుతో క్యారీని కింది నుంచి పైకి తీసుకెళ్లి, యూఎంఏ అనే గుంపుతో పై నుంచి కిందికి విప్పుకుంటూ వస్తుంది. అదనపు క్యూబిట్ ఒక్కటే కావాలి.

మొదటి నోడ్ నాలుగు మాజ్‌లు చేశాక క్యారీ ఎ లోని నాలుగో బిట్ ఉన్న క్యూబిట్‌లో ఉంటుంది. దాన్ని రెండో నోడ్‌కి టెలిపోర్ట్ చేయండి, అక్కడి మాజ్‌లు, యూఎంఏలు అవనివ్వండి, వెనక్కి టెలిపోర్ట్ చేయండి, మొదటి నోడ్ తన యూఎంఏలు పూర్తి చేస్తుంది. వెళ్లడానికొకటి, రావడానికొకటి, 2 ఈబిట్లు. బిట్లు 8 అయినా 800 అయినా 2 ఈబిట్లే.

కాంతిరేఖ (#12)

చాలా బాగుంది పాతసర్క్యూట్ గారూ. ఒక అడుగు ముందుకి వేస్తే 1 ఈబిట్‌కి వస్తుంది.

రెండో నోడ్‌లో మాజ్‌లు, యూఎంఏలు అన్నీ అయ్యాక లోపలికి వచ్చిన క్యారీ ఎలా ఉండేదో అలాగే తిరిగి వస్తుంది. మధ్యలో దాని మీద సీనాట్ పడి విలువ మారినా, విప్పేటప్పుడు మళ్లీ పాత విలువకే చేరుతుంది. అంటే రెండో నోడ్‌లో జరిగేదంతా కలిపి చూస్తే క్యారీ కంట్రోల్‌గా నడిచే ఒక పెద్ద గేట్. కంట్రోల్ అయినప్పుడు టెలిపోర్ట్ దేనికి, #2లో చెప్పిన పద్ధతే చాలు: క్యారీని ఒక ఈబిట్‌తో అవతలికి చాపండి, రెండో నోడ్ తన పనంతా చేసుకుంటుంది, చివర హాడమార్డ్ వేసి కొలిచి బిట్ వెనక్కి పంపుతుంది, మొదటి నోడ్ క్యారీ మీద అవసరమైతే జెడ్ వేస్తుంది.

క్యూబిట్లు కూడా సరిపోతాయి. మొదటి నోడ్‌లో 8 డేటా, 1 అదనపుది, 1 ఈబిట్ సగం, మొత్తం 10. రెండో నోడ్‌లో 8 డేటా, 1 ఈబిట్ సగం, 9.

ఒక్కటి గుర్తుంచుకోండి. డ్రేపర్ సర్క్యూట్‌లో ఆఖరి జెడ్ దిద్దుబాటుని తర్వాతెప్పుడైనా వేసుకోవచ్చు, గేట్లన్నీ డయాగనల్ కాబట్టి. ఇక్కడ అలా కుదరదు. ఆ జెడ్ వేయకుండా మొదటి నోడ్ టొఫోలీకి వెళ్తే దిద్దుబాటు కాస్తా రెండు క్యూబిట్ల గేట్‌గా మారిపోతుంది. కొలత బిట్ వచ్చేదాకా ఆగాల్సిందే. పక్కపక్క యంత్రాలైతే ఇబ్బంది లేదు, ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు పడుతుంది.

తరంగిణి (#13)

1 కంటే కిందికి వెళ్లదని కూడా చెప్పేయొచ్చు. కింది నాలుగు స్థానాల్లో ఎ విలువ 15, బి లో అట్టడుగు బిట్ తప్ప మిగతావి 0 అనుకోండి. అప్పుడు క్యారీ వస్తుందా లేదా అన్నది ఆ అట్టడుగు బిట్ మీదే ఆధారపడుతుంది. పై సగంలో ఎ, బి లు 0 అయితే బి లోని ఐదో బిట్ సరిగ్గా ఆ బిట్ చెప్పినట్టు మారుతుంది. అంటే ఈ పంపకంలో కూడిక లోపల రెండు నోడ్ల మధ్య ఒక సీనాట్ దాక్కుని ఉంది. సీనాట్‌తో ఒక పూర్తి ఈబిట్‌ని పుట్టించొచ్చు, లోపలి గేట్లు, క్లాసికల్ సందేశాలతో ఈబిట్ పుట్టదు. కాబట్టి ఎవరెంత తెలివిగా చేసినా 1 ఖర్చవ్వాల్సిందే. కాంతిరేఖ గారిది ఆఖరి మెట్టు.

అయానుపట్టు (#14)

ఒప్పుకుంటాను, కానీ ఈబిట్ల లెక్క ఒక్కటే చూసి సంబరపడకూడదు. టొఫోలీలు ఊరికే రావు. లోపలి గేట్లు ఎన్ని పెరిగాయి? పైగా డ్రేపర్‌లో ఫేజ్ గేట్లు చాలావరకు సమాంతరంగా నడుస్తాయి. ఇక్కడ రెండో నోడ్ పనిచేస్తున్నంతసేపూ మొదటి నోడ్ ఖాళీగా కూర్చుంటుంది.

పాతసర్క్యూట్ (#15)

న్యాయమైన ప్రశ్న, లెక్క వేద్దాం.

డ్రేపర్‌లో క్యూఎఫ్‌టీకి 28, విలోమానికి 28, మధ్యలో 36, మొత్తం 92 ఫేజ్ గేట్లు. ఏ కోణమైనా ఒకే గేట్‌లో వేయగల యంత్రం అనుకుని, డ్రేపర్‌కి అనుకూలంగానే లెక్కిస్తున్నాను.

రిపుల్ క్యారీలో ఒక్కో బిట్‌కి మాజ్ ఒకటి, యూఎంఏ ఒకటి. ఒక్కోదానిలో రెండు సీనాట్లు, ఒక టొఫోలీ. టొఫోలీకి ఆరు సీనాట్లు. 8 బిట్లకి 128. అయితే చివరి క్యారీ అక్కర్లేదన్నారు కాబట్టి పై బిట్ దగ్గర రెండు టొఫోలీలు ఎదురెదురుగా వచ్చి రద్దవుతాయి, వాటిని ఆనుకున్న సీనాట్ల జతా రద్దవుతుంది. మిగిలేవి 114.

లింక్ 0.95 అనుకుని, 1 ఈబిట్ రిపుల్ క్యారీని 8 ఈబిట్ల డ్రేపర్‌తో పోలిస్తే: లోపలి గేట్ తప్పు 0.1 శాతం అయితే 0.85కి 0.61. 0.5 శాతం అయితే 0.54కి 0.42. 1 శాతం అయితే 0.30కి 0.26. తప్పు 1.6 శాతం దాటితే డ్రేపర్ ముందుకొస్తుంది, కానీ అప్పటికి రెండూ పనికొచ్చే స్థితిలో ఉండవు.

ఖాళీగా కూర్చోవడం నిజమే. రెండో నోడ్ పని 50 గేట్లు. గేట్‌కి 100 మైక్రోసెకన్లు అనుకున్నా 5 మిల్లీసెకన్లు, మీరు #5లో చెప్పిన వేగంతో ఒక్క జంట తయారయ్యే సమయం కంటే తక్కువే. డ్రేపర్‌కి 8 జంటలు రావాలి. అదీగాక ఇక్కడి ఒక్క ఈబిట్‌ని కూడిక మొదలవ్వకముందే సిద్ధం చేసుకోవచ్చు, మొదటి నోడ్ 32 గేట్లు చేసేదాకా అది నిలబడితే చాలు.

అయానుపట్టు (#16)

సరే, ఈ అంకెల మీద నాకు అభ్యంతరం లేదు. ఎర్రర్ కరెక్షన్ వచ్చాక కూడా ఈ లెక్క విలువ తగ్గదని కలుపుతాను, నిజానికి పెరుగుతుంది. దూరం (కోడ్ తప్పుల్ని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) 11 ఉన్న సర్ఫేస్ కోడ్ ప్యాచ్‌లు (చాలా భౌతిక క్యూబిట్లలో ఒక లాజికల్ క్యూబిట్‌ని దాచేవి) రెంటి మధ్య నోడ్లు దాటి ట్రాన్స్‌వర్సల్ (ఎదురెదురు క్యూబిట్ల జతజతకీ వేసే) సీనాట్ వేయాలంటే డేటా క్యూబిట్‌కి ఒకటి చొప్పున 121 భౌతిక ఈబిట్లు. అంటే లాజికల్‌గా 8 నుంచి 1కి తగ్గించడం అంటే భౌతికంగా 968 నుంచి 121కి తగ్గించడం. ఊరటనిచ్చే సంగతి, కోడ్‌ని సరిగ్గా అమరిస్తే లింక్ తప్పు 10 శాతం దాకా ఉన్నా తట్టుకోవచ్చని 2013లో నికర్సన్, లీ, బెంజమిన్ చూపించారు, లోపలి గేట్ల తప్పు 1 శాతం లోపు ఉంటే. లింక్ నాణ్యత కంటే లింక్ వేగమే గొంతు పట్టుకునే రోజులు వస్తాయి.

చిన్నక్యూబిట్ (#17)

అందరికీ ఎన్నో కృతజ్ఞతలు. ఎ, బి ల పంపకం మార్చి రిపుల్ క్యారీ రాశాను, 1 ఈబిట్‌తో అన్ని ఇన్‌పుట్లకీ కూడిక సరిపోతోంది. ఆఖరి ప్రశ్న. మా దగ్గర క్వాంటమ్ లింక్ లేదు, కానీ క్లౌడ్‌లో రెండు వేర్వేరు యంత్రాలు వాడుకునే వీలుంది. ఈబిట్ అసలు లేకుండా దీన్ని పరీక్షించొచ్చా?

కోతపద్ధతి (#18)

పరీక్షించొచ్చు, మీకు ఒక్క ఈబిట్ మాత్రమే మిగిలింది కాబట్టి.

సర్క్యూట్ కటింగ్‌లో ఈబిట్‌ని రకరకాల ఎంటాంగిల్‌మెంట్ లేని స్థితుల మిశ్రమంగా రాస్తాం, కొన్నిటికి మైనస్ గుర్తు ఉంటుంది. సర్క్యూట్‌ని ఆ స్థితులతో విడివిడిగా చాలాసార్లు నడిపి, గుర్తులతో సహా సగటు కడతాం. మూల్యం షాట్ల (సర్క్యూట్‌ని ఎన్నిసార్లు నడపాలో ఆ సార్ల) సంఖ్యలో పడుతుంది. ఒక ఈబిట్‌కి 9 రెట్లు. గేట్లని దేనికది కోస్తే ఆ 9 ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోతుంది: 8 పూర్తి సీజెడ్‌లకి 4 కోట్ల 30 లక్షల రెట్లు. నోడ్ల మధ్య క్లాసికల్ సందేశాలు పంపుకుంటూ ఎనిమిది ఈబిట్లనీ కలిపి కోస్తే పివెటో, సుటర్ ఇచ్చిన సూత్రం ప్రకారం 511 వర్గం, అంటే 2,61,121 రెట్లు. మీరు 8 ఈబిట్ల పాత సర్క్యూట్‌తో అడిగి ఉంటే కుదరదనే చెప్పేవాడిని.

యంత్రాల మధ్య నిజంగా క్లాసికల్ లింక్ ఉంటే ఏమవుతుందో 2024లో ఐబీఎం చూపించింది: 127 క్యూబిట్ల ప్రాసెసర్లు రెంటిని రియల్ టైమ్ క్లాసికల్ లింక్‌తో కలిపి, కటింగ్ సాయంతో 142 క్యూబిట్ల దాకా గ్రాఫ్ స్థితులు (గ్రాఫ్ గీతల ప్రకారం క్యూబిట్లు ఎంటాంగిల్ అయిన స్థితులు) కట్టారు. మీ సర్క్యూట్‌లో సందేశం అటూ ఇటూ వెళ్లాలి. క్లౌడ్ యంత్రాలు రెండూ ఒకదానితో ఒకటి అప్పటికప్పుడు మాట్లాడుకోలేకపోతే క్యారీ దగ్గర సందేశాలు అక్కర్లేని కోతని ఎంచుకోండి. సీజెడ్‌లాంటి ఒక్క గేట్‌నే కోసేటప్పుడు సందేశాలు ఉన్నా లేకున్నా 9 రెట్లే, కానీ మీరు కోస్తున్నది రెండో నోడ్ పనంతటికీ కంట్రోల్‌గా ఉన్న క్యూబిట్‌ని, అందుకని సందేశాలు లేని కోతకి ఖర్చు 16 రెట్లకి చేరుతుంది.

ఇంకోటి కూడా ముందే తెలుసుకోండి. కటింగ్‌లో మీకు వచ్చేది కొలతల గణాంకాలే, చేతిలో a+b ఉన్న క్వాంటమ్ స్థితి రాదు. ఈ కూడికని పెద్ద అల్గారిథమ్‌లో ముక్కగా వాడాలంటే కోత ఆ అల్గారిథమ్ చివరి కొలత దాకా సాగాలి, ప్రతి కూడికకీ 9 లేదా 16 మళ్లీ గుణించుకోవాలి. ఒంటరి కూడికని పరీక్షించడానికైతే, మామూలుగా 1,000 షాట్లు చాలనుకునే చోట 16,000 పెట్టుకోండి. ఇన్‌పుట్లలో క్యారీ తప్పకుండా వచ్చేవి, అసలు రానివి, రెండూ సూపర్‌పొజిషన్‌లో ఉన్నవి మూడు రకాలూ ఉండాలి. మూడో రకంలోనే కోత సరిగ్గా కుట్టుకుందో లేదో బయటపడుతుంది.